ఖండశః ప్రకటితములైన అల్లిక నమూనాలు: పాఠవిమర్శ

తాండూరు ప్రాంతమునందలి యాలాల్ మొదలగు పల్లెలకు ఊలు క్రొత్తది కాదు. దక్కను గొఱ్ఱెల బొచ్చు కత్తిరించి, ఏకి, వడకి, పడుగునకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేయువిద్య తెలంగాణమున కురుమలకు కులవిద్యగా వచ్చినది. వడకుట స్త్రీల పని. నేయుట పురుషుల పని. ఈ విద్యను పుస్తకము చూచి నేర్చినవారు కారు. తల్లి చేతిని చూచి కూతురును, తండ్రి మగ్గమును చూచి కొడుకును నేర్చిరి. కావున గొంగడికి పాఠాంతరములు లేవు. చేయి మాఱినప్పుడు కలుగు భేదములు మాత్రమే కలవు. అట్టి ఊలునే రెండు సూదులపై అల్లువిద్యకు పాశ్చాత్యదేశములలో వ్రాతమూలమైన పాఠ మేర్పడినది. పాఠ మేర్పడుటతో తప్పులును, దిద్దుబాటులును, ప్రతిభేదములును పుట్టినవి. ప్రతులను వెదకి కూర్చువారును బయలుదేఱిరి.

ఈ పాఠములలో గొప్పభాగము గ్రంథరూపమున గాక నెలనెల సంచికలుగా వెలువడినది. ప్రాతసంచికలను సేకరించుట నేడు పలువురకు వ్యసనము. వారు నిజముగా సేకరించున దేమి, సేకరించుచు పోగొట్టున దేమి యనునదే యిచట విచార్యము. ఇది పరదేశపు ముచ్చటయే గదా యని పండితులు త్రోసివేయరాదు. తెలుగుస్త్రీల ట్రంకుపెట్టెలలో నడుగున బడియున్న కాగితములకును ఇదియే ప్రశ్న వర్తించును.

ఆంగ్లమున అచ్చుపడిన అల్లికసూచనలలో ఇంతవఱకు తెలిసినవానిలో మొదటిది 1655లో లండనున వెలువడిన ‘నాట్యూరా ఎక్సెంటెరాటా’ యను గ్రంథములోనిది. అది ఔషధయోగముల పుస్తకము. ఆ యోగముల సరసనే మేజోళ్ళు అల్లువిధ మొకటి చేర్పబడినది. ఎచ్చట నొక వరుస ముగిసి మఱియొకటి మొదలగునో సులభముగా తెలియనీయక సాగిన యా వాక్యప్రవాహమును చూచిన, చేతితో తెలిసినదానిని నోటితో చెప్పుట యెంత కష్టమో బోధపడును. చెప్పినవారికి విద్య తెలియును, చెప్పుట తెలియదు. దాదాపు రెండువందల యేండ్లకు, 1840లో, ఎడింబరోలో ఊలు, కుట్టుసామగ్రి అమ్ము అంగడి నడపిన జేన్ గాగెన్ ‘లేడీస్ అసిస్టెంట్’ అను పుస్తకమును ప్రకటించినది. ఒక్కొక క్రియ కొక్కొక యక్షరమును సంకేతముగా నిలిపినవారిలో ఆమె తొలివరుసలోనిది. 1843లో ఫ్రాన్సెస్ లాంబర్ట్ ‘మై నిట్టింగ్ బుక్’ వెలువరించినది. అప్పటినుండి అల్లికవ్రాతకు సూత్రశైలి పట్టువడినది.

సూత్రశైలి యనుట ఉపచారము కాదు. వ్యాకరణసూత్రమున ప్రత్యాహార మెట్టిదో, అల్లికపాఠమున ‘నిట్’, ‘పర్ల్’ అను రెండు మూలక్రియలకు వాడు ఏకాక్షరసంకేత మట్టిది. ఒక వరుసలో నక్షత్రచిహ్నము మొదలుకొని చెప్పిన భాగమును వరుస చివఱివఱకు మరల మరల చేయవలెనని విధించుట అనువృత్తికి దగ్గఱిపని. అధికారసూత్రము వంటి వాక్యములును కలవు: ‘ఇకమీద ప్రతి సరివరుసను పర్ల్‌గానే అల్లవలెను’ అని యొక్కమాఱు చెప్పిన, తరువాతి నలువది వరుసలలో సరివరుసల ప్రసక్తియే యుండదు. అర్ధమాత్రాలాఘవమునకు వైయాకరణులు సంతసించినట్లే, కాగితపు వెల తగ్గినదని ఈ సంచికల ప్రకాశకులును సంతసించి యుందురు.

అంతకంటె ముఖ్యమైన సామ్య మొకటి కలదు. పద్యమున గణము తప్పిన, లేఖకుని పొరపాటు దానంతట నదియే బయటపడును. సీసపాదమున నొక యక్షరము జాఱినచో అర్థము తెలియని పాఠకుడును జాఱినదని చెప్పగలడు. అల్లికపాఠమునకును అట్టి ఛందస్సే కలదు. షెట్లండు దీవులలో ‘ఓల్డ్ షేల్’ అని ప్రసిద్ధమైన యలలవంటి నమూనా నుదాహరింపవచ్చును. దానికి పదునెనిమిది ఉచ్చుల ఆవృత్తి. ముఖ్యమైన వరుసలో మొదట రెండేసి ఉచ్చులను కలిపి యొకటి చేయుట మూడుమాఱులు. పిదప దారమును సూదిమీదుగా త్రిప్పి క్రొత్త యుచ్చు నొకటి కల్పించి, వెనువెంట నొక యుచ్చు నల్లుట ఆఱుమాఱులు. తుదకు మరల రెండేసి కలుపుట మూడుమాఱులు. వ్యయమైన ఉచ్చులు ఆఱును, ఆఱును, ఆఱును, వెరసి 18. మిగిలినవి మూడును, పండ్రెండును, మూడును; అవియు 18. ఆదాయవ్యయములు సరిపోయినవి. అచ్చులో ‘ఆఱుమాఱులు’ అనుచోట ‘ఐదుమాఱులు’ అని పడినచో, వ్యయము 17కును, మిగులు 16కును దిగి, ఆవృత్తి చెడును. ప్రతి వెదకకయే, రెండవపాఠము చూడకయే, తప్పు పట్టవచ్చును, దిద్దవచ్చును. ప్రాచీనకావ్యపరిష్కర్తలలో ఎందఱకు ఇంత గట్టి యాధారము దొరకును?

అయితే ఛందస్సు కనిపెట్టలేని తప్పులును కలవు. సూదికి వేసిన సంఖ్య అట్టిది. ప్రాత ఆంగ్లపద్ధతిలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నమగును. అమెరికాపద్ధతిలో సంఖ్య పెరిగినకొలది లావగును. మాటలలోను ఇట్టి తికమక కలదు. క్రోషియా అల్లికలో ఆంగ్లేయులు ‘డబుల్ క్రోషే’ యనుదానిని అమెరికావారు ‘సింగిల్ క్రోషే’ యందురు. ఒకేమాట సరిహద్దు దాటగానే వేఱర్థ మిచ్చుట తెలుగు కన్నడములు రెండును వినబడు తాండూరువారికి వింతగా తోచదు. ఇంక ‘బెర్లిన్ ఊలు’ అని సామగ్రిపట్టికలో వ్రాసియున్న దారము నేటి అంగడిలో లేదు. పందొమ్మిదవ శతాబ్దపు సంచికలలో పెక్కింట అంగుళమునకు ఎన్ని ఉచ్చులు రావలెనో చెప్పనేలేదు. కావున పాఠము శుద్ధమై యుండియు అల్లిన వస్త్రము బొమ్మకు చాలును, లేదా ఏనుగునకు చాలును. వస్తువు నశించిన పదమునకు నిఘంటువు చేయగల యుపకారము స్వల్పము.

ఖండప్రకటనల చరిత్రలో లండనునందలి వెల్డన్ సంస్థవారి ‘ప్రాక్టికల్ నీడిల్‌వర్క్’ ముఖ్యమైనది. 1886 ప్రాంతమున ఆరంభమై, నెలకొక సంచికగా, పదునాలుగు పుటలు రెండు పెన్నీలకు అమ్ముడుపోయినది. పండ్రెండు సంచికలు చేరగా వానినే సంపుటముగా కట్టి విక్రయించిరి. ఈ సంచికలు సామాన్యగృహిణికి అందుబాటులో నుండుటయే వాని గౌరవము. శైలిలో మాత్రము రెండు గొంతులు వినబడును. ప్రతి నమూనాకును ముందుండు పీఠికలో ‘మిక్కిలి యందమైనది’, ‘ఎంతయో ఉపయుక్తమైనది’ అను వర్తకుని పొగడ్త. దాని క్రింద నెముకవలె కఠినమైన సూచన. పొగడ్తను కొట్టివేసినను నష్టము లేదు. కాని ఆ వస్త్రము నెవరు, ఏ వేళ, ఏ చలికి ధరించిరో తెలుపు మాటలు ఒక్కొకచో ఆ పొగడ్తలోనే చిక్కుకొని యుండును. కావున నుంచుటయే మేలు.

వెల్డన్ సంచికలను సేకరించువారికి మొదటి చిక్కు సంఖ్యలతోనే. మాసపత్రికకు వరుససంఖ్య యొకటి; అందు అల్లికకు సంబంధించిన సంచికలకు ‘ప్రథమశ్రేణి’, ‘ద్వితీయశ్రేణి’ యని వేఱొక సంఖ్య. ఒకనెల సూదుల అల్లిక, ఒకనెల క్రోషియా, మఱియొకనెల గుడ్డపేలికల కూర్పు వచ్చుచుండుటచే అల్లిక సంచికలు వెంటవెంట రావు. పైగా ఒక శ్రేణిలో వివరించిన కుట్టును తరువాతి శ్రేణిలో మరల వివరింపక, వెనుకటిదానిని చూడుడని పంపివేయుదురు. అనగా ఒంటరిసంచిక పూర్తిపాఠము కాదు. ఎన్నో యేండ్ల సంచికలు గలిసి యొక్క గ్రంథము. ఆ గ్రంథమునకు రచనాక్రమ మొకటి, పఠనక్రమ మొకటి.

రెండవచిక్కు అట్టలది. ఖండములను సంపుటముగా కట్టించునపుడు బైండువారు పైయట్టలను, ప్రకటనల పుటలను తీసివైచుట లోకాచారము. సంచిక వెలువడిన కాలమును, దాని వెలను, ఆనాటి దారముల పేళ్ళను, దొరకు అంగళ్ళను తెలిపెడివి తరచుగా ఆ పుటలే. శుభ్రమైన తోలుకట్టు, చెడని యంచులు, గీతలేని పుటలు గల సంపుటమునకు సేకరించువారు ఎక్కువ వెల యిత్తురు. ఇది విగ్రహమును కొనువాని రుచి. పాఠమును వెదకువాని రుచి కాదు. పెన్సిలుతో వరుసవరుసకు గీత పెట్టుకొన్న ప్రతి యున్నచో, ఒకానొక స్త్రీ ఆ నమూనాను నిజముగా అల్లినదని దానివలన తెలియును. ఇరువదియేడవ వరుసకడ గీతలు ఆగిపోయినచో, ఆ వరుసలో తప్పు పడెనేమో యని లెక్క చూచుటకు కారణము దొరకును. ప్రక్కన ‘8’ కొట్టివేసి ‘7’ వేసియున్నచో అది సవరణ. గీతలేని ప్రతి పాఠమును మాత్రమే కాపాడినది. గీతలు గల ప్రతి పాఠముతోపాటు పఠితను గూడ కాపాడినది. అట్టిదానిని మురికియని త్రోసివేయుట తాళపత్రమున మార్జినులోని టిప్పణమును గోకివేయుటతో సమానము.

ఈ విషయమును శ్రద్ధతో చూచినవారిలో రిచర్డ్ రట్ పేరు చెప్పదగినది. ఆయన ఆంగ్లికన్ బిషప్పు. కొరియాలో పెక్కేండ్లు క్రైస్తవోపదేశకుడై యుండి, ఆ దేశపు ‘సిజో’ పద్యముల ననువదించి 1971లో ‘ది బేంబూ గ్రోవ్’ అను సంపుటము వెలువరించిన సాహిత్యపండితుడు. ఆయనయే 1987లో ‘ఎ హిస్టరీ ఆఫ్ హ్యాండ్ నిట్టింగ్’ రచించెను. పద్యములను పరిష్కరించిన చేయియే అల్లికపుస్తకములను పరిశీలించుట యాదృచ్ఛికము కాదు. రెండింటను లెక్క తప్పరాదు. బ్రిటనుకు సంబంధించినంతవఱకు ఆయన గ్రంథము నేటికిని ఆకరము. ఇతరదేశముల భాగము పలుచన. ఆయన కూర్చిన విక్టోరియాకాలపు పుస్తకములు, మాంట్సె స్టాన్లీ, జేన్ వాలర్ అను నిరువురి సేకరణలతోపాటు, సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన వించెస్టర్ కళాశాలాగ్రంథాలయమును చేరినవి. చదువరుల కందఱకు నందునట్లు ఆయన పుస్తకముల ఛాయాప్రతులును చేయబడినవి. వ్యక్తి వ్యసనము విద్యాసంస్థకు సొత్తగుట కిది మంచి యుదాహరణము.

తెలుగునాట నిట్టి సేకరణ లేదు. ఉండవలసిన సామగ్రియో, కలదు. వీరేశలింగముగారు 1883లో ‘సతీహితబోధిని’ని, సత్తిరాజు సీతారామయ్యగారు 1902లో ‘హిందూసుందరి’ని, డాక్టరు కే. ఎన్. కేసరిగారు 1928లో ‘గృహలక్ష్మి’ని స్త్రీలకొఱకు నెలకొల్పిరి. ఈ పత్రికలలోని వ్యాసములను, కవితలను, కథలను గూర్చి పరిశోధనలు జరిగినవి. చేతిపనుల కెడమిచ్చిన పుటలు మాత్రము సారస్వతము కానివిగా దాటివేయబడుచున్నవి. లేసు అల్లికకు ప్రసిద్ధమైన నరసాపురమున సంగతి మఱియొకవిధము. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన ఆ క్రోషియాపని గోదావరిపల్లెలలో వేలకొలది స్త్రీలకు జీవనాధారమైనది. 2024లో భౌగోళికసూచిక గుర్తింపును పొందినది. అచ్చట నమూనా కాగితముమీద గాక, అల్లిన ముక్కగా చేతినుండి చేతికి పోవును. మారియా మీస్ 1982లో ఆ స్త్రీలను గూర్చి ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధము. ఆమె విచారించినది వారి శ్రమను, కూలిని. నమూనాల పరంపరను గాదు. ఆ పని యెవరైన చేయదలచిన, పాతముక్కలను దాచిన యిండ్లనుండి మొదలిడవలెను.

ఉక్క యెక్కువగల దేశమున ఊలుసంచికలు వ్యాపింపకపోవుట సహజము. తెలుగువారికి నిజముగా వరుసతప్పక వెలువడిన నమూనాపాఠ మేదనిన, అది ముగ్గు. ధనుర్మాసము వచ్చిన తోడనే వారపత్రికలు సంక్రాంతివఱకు ముగ్గులను ముద్రించెడివి. స్త్రీలు వానిని కత్తిరించి నోటుపుస్తకములలో అంటించుకొనెడివారు. లేదా చూచి చుక్కలు పెట్టి వ్రాసికొనెడివారు. తాండూరు తాలూకా 1956వఱకు గుల్బర్గాజిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రముల పునర్విభజనలో తెలుగురాష్ట్రమున చేరినది. 1978లో ఏర్పడిన రంగారెడ్డిజిల్లా క్రిందికి వచ్చి, 2016లో వికారాబాదుజిల్లాలో భాగమైనది. నిజాముపాలనలో రాజభాష ఉర్దూ, పొరుగుభాష కన్నడము, ఇంటిభాష తెలుగు. కావున యాలాల్ వంటి గ్రామమున ముగ్గుల నోటుపుస్తకము దొరికినచో, చుక్కలసంఖ్య లే లిపిలో వ్రాయబడినవో చూచుటయే మొదటిపని. వాకిట సాన్పి చల్లిన మట్టిమీద వేసిన ముగ్గునకును, తాండూరు నాపబండలు పఱచిన ముంగిట వేసిన ముగ్గునకును భేద మేమైన కలదా యనునది రెండవప్రశ్న; బండల అతుకులే గీటులై చుక్కలకు దారి చూపగలవు.

ముగ్గుక్రింద అచ్చువేయు వాక్యము అల్లికసూత్రముకంటె క్లుప్తము. ‘15 చుక్కలు, 8 వఱకు, సందుచుక్క’. ఇంతియే. దీని యర్థము: నడుమవరుసలో పదునైదు చుక్కలు పెట్టి, పైకిని క్రిందికిని వరుస కొక్కటి చొప్పున తగ్గించుచు, పైవరుసచుక్క క్రిందివరుసలోని రెండుచుక్కల సందున వచ్చునట్లు, ఎనిమిదివఱకు పోవలెను. రెండు సంఖ్యలును ఒక మాటయును గలిసి 169 చుక్కల స్థానములను నిర్ణయించుచున్నవి. ‘15 చుక్కలు, 1 వఱకు, ఎదురుచుక్క’ యనిన, చుక్కకెదురుగా చుక్క నిలుచును, వరుసకు రెండేసి తగ్గును, మొత్తము 113. అష్టాధ్యాయిని చదివినవారికి గూడ ఈ లాఘవము చూడముచ్చటయే.

ఇచ్చటను ఛందస్సు కలదు. ఒకపత్రికలో ‘15 చుక్కలు, 8 వఱకు, ఎదురుచుక్క’ అని అచ్చుపడినదనుకొనుడు. పదునైదునుండి రెండేసి తగ్గించుచు పోయిన 13, 11, 9, 7 వచ్చును గాని ఎనిమిది యెన్నటికిని రాదు. పాఠము దుష్టము. దిద్దుట కెన్ని దారులు? ‘ఎదురు’ను ‘సందు’గా మార్చవచ్చును, ‘8’ని ‘7’గానో ‘9’గానో మార్చవచ్చును. ఏది యుచితమో తేల్చునది ప్రక్కనున్న బొమ్మ. బొమ్మ లేక వాక్యమొక్కటే యెత్తివ్రాసికొన్న నోటుపుస్తకమున, ఆమె యెట్లు దిద్దుకొన్నదో చూడవలెను. అదియే పాఠపరిష్కరణము, పేరు తెలియక చేసినది. ముద్రితమైన ముగ్గులో మఱియొక లోపము కలదు. మెలికలముగ్గులో గీత యెచ్చట మొదలై, ఏ చుక్కను ముందు చుట్టి, ఏవైపునకు మరలునో పూర్తయిన బొమ్మ చెప్పదు. నోటుపుస్తకమున చెఱిపి మరల గీచిన మచ్చలు చెప్పును. శుభ్రమైన ప్రతికి ఆ భాగ్యము లేదు.

ఈ కత్తిరింపులవలన పత్రికలకు కలిగిన నష్టమును దాచుట న్యాయము కాదు. ధారావాహికనవలను పుటలు చించి బైండు చేయించుకొనుట తెలుగిండ్లలో ఎఱిగినయాచారమే. నవల నొకరు కోరుదురు. ముగ్గు నింకొకరు కోరుదురు. రెండును ఒకే యాకు రెండువైపుల నున్నపుడు కత్తెర యెవరిచేత నుండిన వారిది గెలుపు. అందుచేత గ్రంథాలయములకు చేరిన పాతసంపుటములు ఖిలములుగా నుండుట కలదు. అయినను ఆ నష్టమునందే కాలనిర్ణయమునకు సాధన మొకటి మిగిలియున్నది. తేదీ లేని ముగ్గుకత్తిరింపును త్రిప్పి చూచినపుడు, వెనుక నవలలోని నాలుగు పంక్తులో, సినిమాప్రకటన సగమో కనబడును. ఆ పంక్తులు కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’లోనివని గుర్తుపట్టగలిగినచో, ఆ కాగితము 1960 దశాబ్దపు ఆరంభమునాటి ‘ఆంధ్రప్రభ’ వారపత్రికదని నిర్ణయించుటకు వీలగును. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ పంక్తులైనచో, ఆ దశాబ్దము నడిమినాటి ‘జ్యోతి’ మాసపత్రికది. సినిమాప్రకటన యైనచో విడుదలతేదీ యింకను నికరముగా దొరకును. పిమ్మట వేటపాలెము సారస్వతనికేతనమునందును, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునందును గల పాతపత్రికలను వెదకి, ఆ పుట యున్నదో లేదో చూడవచ్చును. అచ్చట పుట లేక ఖాళీ యున్నచో, నోటుపుస్తకములోని యా ముక్కయే ఆ పుటకు మిగిలిన ప్రతి.

కావున ఇట్టి నోటుపుస్తకమును చేర్చుకొను గ్రంథాలయము అంటించిన ముక్కలను విప్పి శుభ్రపఱుపరాదు. ముందువైపునకును, వెలుతురుకు పట్టినపుడు కనబడు వెనుకవైపునకును ఛాయాచిత్రములు తీయవలెను. చుక్కలవాక్యమును ఉన్నదున్నట్లు, తప్పుతో సహా, వ్రాసికొని, సవరణను వేఱుగా చూపవలెను. పుస్తక మేయింట, ఏయూర, ఎవరి చేతిమీదుగా వచ్చినదో, వేసినవారి వయస్సెంతో అడిగి వ్రాసికొనుటయు అప్పుడే జరుగవలెను; ఆ పుస్తకములు గల స్త్రీలలో పలువురు వృద్ధులు.